మీ వాడికి 87.4 శాతం ఛాన్సుంది

ఆ శాతం మీ ఇంటికీ వచ్చే ఉంటుంది. ఇంకా రాకపోతే, ఈ మూఢం పోయాక మొదటి పెళ్లిలో వస్తుంది. పంక్తిలో పక్కన కూర్చున్నాయన పప్పన్నం కలుపుతూ ఎడమ చేత్తో ఫోన్ తీసి చూపిస్తాడు. "మావాడికి ఎనభై ఏడు పాయింట్ నాలుగు వచ్చిందండీ." మార్కులనుకుని అభినందించేరు సుమా. మార్కులు అరవై మూడే. అరవై మూడు తెచ్చుకున్న కుర్రాడికి అమెరికాలో ఏదో ఒక స్టేట్ యూనివర్సిటీ సీటిచ్చే అవకాశం ఎనభై ఏడు పాయింట్ నాలుగు. కొడుకు మార్కులు నలుగురిలో చెప్పుకోలేని తండ్రికి ఇన్నాళ్లకు చెప్పుకోదగ్గ అంకె ఒకటి దొరికింది.

మాది శంషాబాద్. ఆరాంఘర్ నుంచి గగన్‌పహాడ్, సాతంరాయి మీదుగా ఊళ్లోకి వచ్చే దారిలో ఈ మధ్య ఏ స్తంభం చూసినా ఇదే గోల. జీపీఏ తక్కువా? బెంగ వద్దు, స్కాన్ చేయండి, మీ ఛాన్స్ తెలుసుకోండి. దాని పైనే ఇంకో బోర్డు: ఎయిర్‌పోర్టుకు ఇరవై నిమిషాల్లో ప్లాటు. (ఆ ఇరవై నిమిషాలు తెల్లవారుజామున మూడింటికి, గల్ఫ్ మీదుగా పోయే విమానాల వేళకు మాత్రమే నిజం.) పై బోర్డు ప్లాటు కొనమంటుంది, కింది బోర్డు దాన్ని అమ్మిస్తుంది. ఒకే స్తంభానికి రెండూ కట్టిన వాడెవడో గానీ, మా ప్రాంతపు ఆర్థిక వ్యవస్థ గురించి ఇంత క్లుప్తంగా ఏ ప్రొఫెసరూ చెప్పలేదు.

మా మేనల్లుడు స్కాన్ చేశాడు. చేయకుండా ఉంటాడా? జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలో బీటెక్, సీజీపీఏ 6.8. యూనివర్సిటీ వాళ్ల సూత్రం ప్రకారం అందులోంచి అర తీసేసి పదితో గుణిస్తే 63 శాతం. రెండు సబ్జెక్టులు పోతే మళ్లీ రాసి గట్టెక్కాడు. మంచివాడు. బండి ఆగిపోయినా, ఇంట్లో మోటారు కాలిపోయినా వాణ్నే పిలుస్తాం. లెక్కలంటే మాత్రం వాడికీ వాటికీ చిన్నప్పటి నుంచీ మాటల్లేవు.

"మామా, సేఫ్‌ల ఆరు, మోడరేట్‌ల నాలుగు, యాంబిషియస్‌ల రెండు వచ్చినయ్" అన్నాడు.

ఏమిట్రా అవి అన్నాను.

"యూనివర్సిటీలు మామా. సేఫ్‌ల ఉన్నయన్నీ స్టేట్ యూనివర్సిటీలే. ఎనభై ఏడు పాయింట్ నాలుగు."

నా గొడవంతా ఆ పాయింట్ నాలుగు మీద. ఎనభై ఏడు అంటే సరే, ఏదో నోటికొచ్చింది అన్నాడనుకుని ఊరుకుంటాం. ఆ నాలుగు ఎక్కడిది? వెయ్యి మంది మేనల్లుళ్లను పంపితే 874 మందికి సీటొచ్చిందని ఎవరు కూర్చుని లెక్కపెట్టారు? వాడు ఇంగ్లీషు పరీక్ష ఇంకా రాయలేదు. ఏ ప్రొఫెసరూ సిఫారసు ఉత్తరం ఇవ్వలేదు. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అనే ఆత్మకథ ఇంకా పుట్టనే లేదు. (అది పుట్టేది కూడా ఆ బోర్డు పెట్టిన కన్సల్టెన్సీ ఆఫీసులోనే. అందరి ఆత్మకథా ఒక్కటే, పసితనంలో కంప్యూటర్ చూసి ముగ్ధుడైపోవడంతో మొదలవుతుంది. మావాడు పసితనంలో చూసి ముగ్ధుడైంది జేసీబీని.) దరఖాస్తు అనేదే లేదు, ఏ యూనివర్సిటీకీ వీడొకడున్నాడని తెలియదు. అయినా దశాంశ స్థానం దాకా భవిష్యత్తు తేలిపోయింది.

ఉగాది నాడు గుళ్లో పంచాంగం చదివే సిద్ధాంతి గారు నా రాశికి ఆదాయం 5, వ్యయం 14 అంటారు. ఏటా వింటాను, ఏటా తిట్టుకుంటూ ఇంటికొస్తాను. కానీ ఆయన ఏనాడూ 14.4 అనలేదు. నవగ్రహాలూ చేతిలో ఉన్న మనిషికే దశాంశం వాడే ధైర్యం చాల్లేదు. ఇంకో మాట కూడా ఉంది. ఆయన ఆదాయం పక్కనే వ్యయం కూడా చదువుతాడు. స్కాన్ చేస్తే తెరుచుకునే ఈ యాప్ ఆదాయం ఒక్కటే చదివి ఊరుకుంటుంది. వ్యయం చదవడానికి చదువయ్యాక బ్యాంకు వాళ్లొస్తారు.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. వాడి ఫోన్ లాక్కుని నా వివరాలు కొట్టాను. బీఏ, థర్డ్ క్లాసు. థర్డ్ క్లాసు అనే ఎంపికే అందులో లేదు, ఆ తరగతిని దేశంలోంచే ఎత్తేసినట్టున్నారు. జీపీఏ పదికి 5 అని వేశాను. వయసు అరవై దాటింది, దాచలేదు. కోరుకునే కోర్సు: డేటా సైన్స్. ఫోన్ నంబరు దగ్గర వాళ్ల నాన్నది, అంటే మా బావది ఇచ్చాను. చక్రం కాసేపు గిర్రున తిరిగి ఆగింది. 71.9! నా జన్మలో నాకెక్కడా డెబ్భై దాటలేదు. మా ఆవిడకు చూపిస్తే కళ్లజోడు సర్దుకుని చూసి, "ఇంట్లో మంచినీళ్ల సీసా నింపడం మర్చిపోతారని రాయలేదా?" అంది.

ఇక వదల్లేదు. జీపీఏ ఐదు నుంచి నాలుగు చేశాను. ఒక్క పాయింటు తగ్గింది, అంతే. మళ్లీ ఐదు చేసి సామాజిక సేవ అన్న గడిలో టిక్కు పెట్టాను, 74.2 అయింది. ఏం సేవో, ఎవరికి చేశానో అడగలేదు. ఆ తర్వాత ఒక గడి వచ్చింది: మీకు సొంత ఇల్లు గానీ స్థలం గానీ ఉందా? ఉంది అన్నాను. 79.6. అదీ సంగతి! చదువంతా కలిసి కదిలించలేని ముల్లును మా నాన్న కట్టిన పెంకుటిల్లు ఒక్క తోపుతో ఐదు పాయింట్లకు పైగా నెట్టింది. ఆ ఇంటికీ డేటా సైన్స్‌కీ ఏం సంబంధం అని నేనడగను. ఎంత లోను పుడుతుందో చూసి ఎంత తెలివుందో చెప్పే పద్ధతి నాకు అర్థమైంది. ఆఖరున ఫోన్ నంబరు తీసేసి నొక్కాను. అప్పుడు మాత్రం ఏ శాతమూ రాలేదు, ఎర్ర అక్షరాలొచ్చాయి. జీపీఏ ఎంతున్నా పరవాలేదు, ఫోన్ నంబరు లేని వాణ్ని మాత్రం యాభై రాష్ట్రాల్లో ఒక్కటీ రానివ్వదు.

ఆ సాయంత్రం నుంచి మా బావకు ఫోన్లు. ఆయన కొత్తూరులో హార్డ్‌వేర్ దుకాణం నడుపుతాడు. "సార్, ప్రొఫైల్ చాలా స్ట్రాంగ్ సార్, లేట్ చేయొద్దు" అని అవతల అమ్మాయి అంటే, కూలి పనికి మనిషిని కుదురుస్తున్నారనుకున్నాడు. "ఎంత స్ట్రాంగైనా దినానికి ఎనిమిది వందలే ఇస్త. సిమెంటు బస్తాలు దించాలె, రేప్పొద్దుగాల పంపు" అన్నాడు. ఆ అమ్మాయి సరే సార్ అని రాసుకుందట.

చిలుకూరు బాలాజీ సంగతీ చెప్పాలి, ఎందుకంటే శాతం వచ్చినవాళ్లంతా మర్నాడు తేలేది అక్కడే. మొక్కుకోవడానికి పదకొండు ప్రదక్షిణలు, కోరిక తీరాక నూట ఎనిమిది. వీసా దేవుడని ఆయన్ని వెక్కిరించేవాళ్లకు ఒక మనవి: ఆ గుళ్లో హుండీ లేదు. రిజిస్ట్రేషన్ ఫీజు, ప్రాసెసింగ్ ఫీజు, వీసా వచ్చాక సక్సెస్ ఫీజు అని మూడు విడతలుగా లాగేది దేవుడు కాదు.

ఈ మధ్య ఇంకో ముచ్చట మొదలైంది. ఆగస్టు రాత్రుళ్లు డిపార్చర్స్ ర్యాంపు మీదికి వెళ్లి నిలబడండి. ఒక్కో కుర్రాడి వెనక ఒక తుఫాను బండి నిండా చుట్టాలు. సూట్‌కేసు నేల మీద బార్లా తెరిచి, ఇరవై మూడు కిలోలు దాటించిన ఆవకాయ సీసాను ఎందులో సర్దాలా అని మేనత్తల తర్జనభర్జన. ఆ గుంపులోకి టై కట్టుకున్న ఒక కుర్రాడు వచ్చి చుట్ట చుట్టిన ఫ్లెక్సీ విప్పుతాడు. కన్సల్టెన్సీ బ్యానరు. విద్యార్థి చేతిలో పూలగుత్తి పెట్టి, తల్లినీ తండ్రినీ చెరో పక్కన నిలబెట్టి, అంకుల్ కొంచెం నవ్వండి అని ఫొటో తీసి, పూలగుత్తి మళ్లీ వెనక్కి తీసుకుంటాడు. పక్క ద్వారం దగ్గర ఇంకో కుటుంబం ఎదురుచూస్తోంది మరి. నేను చూసేసరికి ఆ గుత్తిలో సగం పూలు రాలిపోయి ప్లాస్టిక్ కాగితం ఎక్కువగా కనపడుతోంది. ఆ ఫొటో కింద మర్నాడు రాసేది: మరో కల నిజమైంది, ప్రొఫైల్ 6.4, బ్యాక్‌లాగ్‌లు 11.

అసలు ఆ సీటు రావడంలో వింతేముంది? 1862లో లింకన్ సంతకం పెట్టిన మోరిల్ చట్టం రాష్ట్రాలకు భూములిచ్చి, వాటి మీద వచ్చే డబ్బుతో వ్యవసాయం, యంత్రవిద్య నేర్పే కాలేజీలు పెట్టమంది. రైతుల బిడ్డల కోసం, పనివాళ్ల బిడ్డల కోసం. ఇవాళ మనం కలవరించే పెద్ద పెద్ద స్టేట్ యూనివర్సిటీల్లో చాలా వాటి పుట్టుక అదే. ఎవరిని కాదన్నామన్నది కాదు, ఎవరిని చేర్చుకున్నామన్నదే మా కొలమానం అని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ తన ఆశయపత్రంలోనే చెప్పుకుంది. పీజీకి నాలుగుకు మూడు జీపీఏ అడగడం చాలాచోట్ల ఆనవాయితీ. అదీ లేకపోతే షరతులు పెట్టి చేర్చుకునే చోట్లూ ఉన్నాయి. ఇందులో చిన్నతనమేమీ లేదు, నాకైతే ఆ పద్ధతి మీద గౌరవం కూడా ఉంది. నడిమి మార్కుల పిల్లల కోసమే కట్టిన చోట నడిమి మార్కుల పిల్లవాడికి సీటొస్తే అది వార్త కాదు, అద్భుతం అసలే కాదు. దాన్ని అద్భుతంగా చూపించి డబ్బు గుంజడం దగ్గరే నాకు కడుపు మండుతుంది.

ఈ డబ్బు దారి ఎలా తెరుచుకుందో చూడండి. 2008 మార్చిలో శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలైంది. అదే ఏడాది అక్టోబరులో బేగంపేట పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ తెరిచారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో బ్యాంకులు కూలి, రాష్ట్రాల ఖజానాలు ఎండి, యూనివర్సిటీల గ్రాంట్లకు కత్తెర పడింది. ఫీజులు పెంచారు, పూర్తి ఫీజు కట్టే పైదేశపు పిల్లల కోసం వెతకడం మొదలుపెట్టారు. ఇక్కడేమో ఫీజు రీయింబర్స్‌మెంట్ పుణ్యమా అని ఊరికో ఇంజినీరింగ్ కాలేజీ లేచి, పట్టా ఉండీ పని లేని పిల్లలు తయారవుతున్నారు. అక్కడ సీటు ఖాళీ, ఇక్కడ పిల్లవాడు ఖాళీ, మధ్యలో మా ఊరి రన్‌వే. 2024-25 నాటికి అమెరికాలో భారతీయ విద్యార్థులు 3.63 లక్షలు. వాళ్లందర్నీ జీపీఏ తీసుకెళ్లిందనుకుంటున్నారా?

మిస్సోరీ రాష్ట్రంలో వారెన్స్‌బర్గ్ అని ఒక చిన్న ఊరుంది. మావాళ్లలో కొందరికి అది వరంగల్ కంటే బాగా తెలుసు. అక్కడి యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ మిస్సోరీకి ట్యూషన్ ఫీజుల రాబడిలో దాదాపు పావు వంతు విదేశీ విద్యార్థులదే. 2025లో వీసా ఇంటర్వ్యూలు ఆగి, కొత్తగా వచ్చే విదేశీ పీజీ విద్యార్థులు సగానికి పడిపోయినప్పుడు, స్వదేశీ విద్యార్థులకిచ్చే ఆసరా కూడా తగ్గుతుందని ఆ యూనివర్సిటీ అధ్యక్షుడే బాహాటంగా చెప్పాడు. ఆయన్ని నేను తప్పుపట్టను, ఉన్నమాట అన్నాడు. మరి మన కన్సల్టెన్సీ కౌన్సిలర్ ఎందుకు అనడు? కొడుకు ఫీజు కోసం కొత్తూరులో మా బావ అమ్మబోయే రెండు వందల గజాలు మిస్సోరీలో ఏ రైతు కూతురి ఫీజుకో ఆసరా అవుతాయని, అందుకే మీ అబ్బాయికి సీటు ఖాయమని, ఎనభై ఏడు ఏమిటి, నిరభ్యంతరంగా తొంభై తొమ్మిది వేసుకోవచ్చని ఎందుకు చెప్పడు?

చెప్పడు, ఎందుకంటే అతను రెండు చేతులా తీసుకుంటున్నాడు. ఇక్కడ తండ్రి దగ్గర ఫీజు, అక్కడ యూనివర్సిటీ దగ్గర కమీషను. అమెరికా వాళ్ల చట్టం చూడండి. ప్రభుత్వ ఆర్థిక సాయం అందుకునే కాలేజీలేవీ విద్యార్థుల్ని చేర్పించినందుకు తలకింతని కమీషన్ ఇవ్వకూడదని 1992లో ఉన్నత విద్యా చట్టాన్ని సవరించారు. అలా ఇస్తే పనికిరాని కోర్సుల్లోకి పిల్లల్ని తోసి అప్పులపాలు చేస్తారని భయం. న్యాయమైన భయమే. ఆ నిషేధంలోనే ఒక మినహాయింపు కూడా రాశారు: విదేశాల్లో ఉండి, తమ ప్రభుత్వ సాయానికి అర్హత లేని విద్యార్థుల విషయంలో మాత్రం ఇచ్చుకోవచ్చు. అంటే వాళ్ల పిల్లల్ని తల లెక్కన కొనడం తప్పు, మా మేనల్లుణ్ని కొనొచ్చు. మూడు దశాబ్దాలు దాటింది. దీని మీద ఇక్కడ నాకు తెలిసి ఒక్క మంత్రి మాట్లాడలేదు, ఒక్క తల్లిదండ్రుల సంఘం ధర్నా చేయలేదు, మన కౌన్సిలర్లు మాత్రం ఆ మినహాయింపు మీద మేడలు కట్టారు. అన్ని యూనివర్సిటీలూ కమీషన్ ఇవ్వవు, నాకు తెలుసు. ఇవ్వని వాటి పేరు ఆ సేఫ్ పెట్టెలో ఎప్పుడైనా చూశారేమో మీరే చెప్పండి.

నూటికి నూరు శాతం ఛాన్సున్న యూనివర్సిటీ కూడా ఒకటి ఉండేది. మిషిగన్‌లో, ఫార్మింగ్టన్. లాటిన్‌లో నినాదం, వెబ్‌సైటు, రాజముద్ర లాంటి ముద్ర, అన్నీ ఉన్నాయి. క్లాసులు లేవు, మాస్టార్లు లేరు. దాన్ని నడిపింది అమెరికా ఇమ్మిగ్రేషన్ అధికారులే. 2019 జనవరిలో గుట్టు విప్పారు. అప్పటికి దాదాపు ఆరు వందల మంది చేరారు. మొదట పట్టుకున్న 130 మందిలో 129 మంది భారతీయులు, అందులో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. డబ్బు తీసుకుని వాళ్లను చేర్పించారని ఎనిమిది మంది మీద కేసు పడింది, వాళ్లూ మనవాళ్లే. పిల్లలు కట్టిన ఫీజు సంగతి తేల్చమని వేసిన దావా నడవొచ్చని 2024లో అప్పీలు కోర్టు చెప్పాల్సి వచ్చింది. "గవర్నమెంటు యూనివర్సిటీ అంకుల్, భయపడకండి" అని కౌన్సిలర్లు చెప్పే మాట అక్షరాలా నిజమైంది నాకు తెలిసి అక్కడొక్కచోటే.

అంతకుముందు 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ బాగోతం. పదిహేను వందల మంది దాకా విద్యార్థులు, ఎక్కువమంది ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాళ్లు, రికార్డుల్లో సగం మందికి పైగా ఒకే అపార్ట్‌మెంటు చిరునామా. చివరకు కొందరి కాళ్లకు రేడియో పట్టీలు వేశారు. దాన్ని నడిపినామెకు పదహారేళ్లకు పైగా శిక్ష పడింది. చేర్పించిన ఏజెంట్లు బోర్డు మార్చుకున్నారు.

మా ఊళ్లోనే జరిగింది చూడండి. 2015 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లడానికి శంషాబాద్ వచ్చిన 19 మంది విద్యార్థుల్ని ఎయిరిండియా విమానం ఎక్కనివ్వలేదు. సిలికాన్ వ్యాలీ యూనివర్సిటీ, నార్త్‌వెస్టర్న్ పాలిటెక్నిక్ యూనివర్సిటీల్లో చేరబోతున్నవాళ్లు. అప్పటికే ముందు వెళ్లిన 14 మందిని అక్కడి అధికారులు వెనక్కి పంపేశారు. మమ్మల్ని ఎవరూ నిషేధించలేదని ఆ రెండు సంస్థలూ అన్నాయి, మాకు అమెరికా నుంచి సమాచారం వచ్చిందని విమానం వాళ్లు అన్నారు, పిల్లలు సూట్‌కేసుల మీద కూర్చున్నారు. అడ్మిషన్ ఉంది, వీసా ఉంది, టికెట్టు ఉంది. ఏ కాలిక్యులేటర్లో వేసినా నూరే రావాలి. ఆ రాత్రి ఏ కన్సల్టెన్సీ వాడూ పూలగుత్తి పట్టుకుని రాలేదు. 2023 ఆగస్టులో ఒక్కరోజులో 21 మందిని అమెరికా విమానాశ్రయాల నుంచే తిప్పి పంపారు, ఎక్కువమంది మన రెండు రాష్ట్రాల వాళ్లే. అప్పుడూ రాలేదు.

నిజంగా శాతం లెక్కకట్టాల్సినవి వేరే ఉన్నాయి. 2023-24లో ప్రపంచం మొత్తం మీద అమెరికా విద్యార్థి వీసాకు దరఖాస్తు చేసినవాళ్లలో 41 శాతం మందికి కాదన్నారు. ఉద్యోగానికి కావాల్సిన హెచ్-1బీ వీసాలు ఏడాదికి 85 వేలు, 2026 ఆర్థిక సంవత్సరం లాటరీలో చేరిన అర్హమైన పేర్లు దాదాపు 3.44 లక్షలు. దాని మీద 2025 సెప్టెంబరులో లక్ష డాలర్ల ఫీజు ప్రకటన. ఇవేవీ ఆ యాప్‌లో గడులు కావు. ఇంటి కాగితాలు తాకట్టు పెట్టి పాతిక ముప్పై లక్షలు తెచ్చిన కుర్రాడు రెండేళ్ల తర్వాత ఉద్యోగం లేకుండా పెట్రోలు బంకులో దొంగచాటు డ్యూటీ చేసే ఛాన్సు ఎంత? ఈఎంఐకి తండ్రి దుకాణం లోంచి డబ్బు తీసే ఛాన్సు ఎంత? అది చెప్పండి, దశాంశం కూడా వేయండి, నేనే వచ్చి దండం పెడతా.

మన స్టేట్ యూనివర్సిటీల మీదా ఎవరైనా ఇలాంటి యాప్ చేస్తే బాగుండు. 2017లో వందేళ్ల పండుగ చేసుకున్న ఉస్మానియాతో సహా తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో సగానికి పైగా అధ్యాపక పోస్టులు ఖాళీ. ఫలానా సబ్జెక్టుకు మాస్టారు వచ్చే ఛాన్సు ఎంత శాతం? ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టాయి. సర్కారు బకాయి తీర్చలేదని కాలేజీ వాళ్లు బీరువాలో పెట్టి తాళం వేసుకున్న సర్టిఫికెట్లు పిల్లల చేతికి వచ్చే ఛాన్సు ఎంత శాతం? ఇక్కడ మాస్టార్ని పెట్టని ప్రభుత్వాలు అమెరికా పోయి మన పిల్లల్ని చూసి గర్విస్తున్నామని సభలు పెడతాయి. సిగ్గుండాలి. 6.8 వాడి ముందు ఇక్కడ ఒక తలుపు తెరిచి ఉంటే వాడు ఆ స్తంభం దగ్గర బండి ఆపి ఉండేవాడు కాదు.

అమెరికా వెళ్లొద్దని నేననను. వెళ్లి బాగుపడ్డవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు, వాళ్లలో 6.8 వాళ్లూ ఉన్నారు. నేనడిగేది ఒక్కటే. ఆ బోర్డు మీద మీ శాతంతో పాటు ఇంకో నాలుగు అంకెలు కూడా వేయండి. ఈ సీటు మీద మీకు యూనివర్సిటీ ఇచ్చేదెంత. కిందటేడు మీరు పంపినవాళ్లలో వీసా రానివాళ్లెందరు. వచ్చి వెళ్లినవాళ్లలో చదివిన చదువుకు సంబంధించిన ఉద్యోగం దొరికిందెందరికి. అప్పు తీరడానికి ఎన్నేళ్లు. చోటు లేదంటారేమో. చేతులు కట్టుకుని నిలబడ్డ డైరెక్టరు గారి బొమ్మ సగం బోర్డు ఆక్రమించింది, ఆయన్ని కాస్త పక్కకు జరగమనండి.

మొన్న బావ ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, గా కమీషన్ ముచ్చట నిజమేనా?" నాకెందుకు, వాళ్లనే అడుగు, కాగితం మీద రాసిమ్మను అన్నాను. అడిగాడట. కౌన్సిలర్ కాసేపు లోపలికెళ్లి మేనేజర్తో మాట్లాడి వచ్చి, "అంకుల్, మీకోసం ప్రాసెసింగ్ ఫీజు మొత్తం మాఫీ" అన్నాడట. మాఫీ చేయగలిగిన ఫీజు ఇన్నాళ్లూ ఎందుకు అడిగిండ్రని ఆయన మళ్లీ అడిగితే దానికి జవాబు లేదు. ఆనాటి నుంచి బావకు ఫోన్లు ఆగిపోయాయి. ఇప్పుడు మా మేనకోడలికి చేస్తున్నారు. అది ఇంటర్ సెకండియర్.